సెక్టార్ నాలుగు ఆర్డీ దీదీ

ఆర్.కె. పురం, న్యూఢిల్లీ
11 జూలై 1993

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్య కంటపడకుండా చదువు. పోస్టు వచ్చే వేళకి అన్నయ్య స్కూల్లో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ ఉంటాడు గనక నీకేం కష్టం కాదు. మేం ముగ్గురం బాగానే ఉన్నాం. జూలై వచ్చినా వాన జాడ లేదు. కూలర్లో నీళ్ళు మోసి పోయడంతోనే నా పొద్దు సగం గడిచిపోతోంది. ఉమ ఏడో తరగతికి వచ్చింది. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెబుతుంది, ఇద్దరికీ అలవాటైపోయింది.

ఇంతకీ సంగతేమిటంటే, ఈయన ఆఫీసువాళ్ళు ఎప్పుడో ఒక హౌసింగ్ సొసైటీ పెట్టుకుని అందరూ తలా కొంత కట్టి చేరారు. ఇన్నాళ్ళకి పప్పన్‌కలాన్ అనే చోట వాళ్ళకి స్థలం వచ్చింది. తొంభై అయిదు మార్చి నెలాఖరులోగా ఇరవై నాలుగు వేలు కట్టాలిట, లేకపోతే సభ్యత్వం పోతుందిట. ఈయన ఆ కాగితం చదివి, మడిచి, "వదిలేద్దాం" అన్నారు. అంతే. పక్కింటాయన రిటైరై క్వార్టరు ఖాళీ చేసిన రోజు సంగతి నీకు చెప్పాను కదా, సామాను లారీకెక్కిస్తూ ఆయన భార్య ఎలా ఏడ్చిందో. ఈ క్వార్టరు ప్రభుత్వానిది, మనది కాదు. మనదంటూ నాలుగు గోడలు లేకపోతే రేపు నేనూ అలాగే ఏడవాలి. ఆ మాటే అన్నాను. రెండు రోజులు పోట్లాడాను. చివరికి ఈయన, "సరే, సగం నువ్వు పట్టుకురా, మిగతా సగం నేను పీఎఫ్‌లోంచి తీస్తాను" అని నవ్వారు.

ఆ నవ్వు నన్ను పొడిచేసింది వదినా. కోపంగా అని ఉంటే ఊరుకునేదాన్ని.

నా సంగతి నీకు తెలుసు. బ్యాంకు కాగితాల మీద ఈయన పెన్సిల్‌తో టిక్కు పెడితే అక్కడ సంతకం చేస్తాను, అదేమిటో చదవను. కూరలబండి వాడు చిల్లర ఎంతిచ్చినా కొంగులో వేసుకుని వచ్చేస్తాను, లెక్కపెడితే ఏమనుకుంటాడో అని. లెక్కల మాస్టారి చెల్లెల్ని అయ్యుండి, సిగ్గులేకుండా చెబుతున్నాను.

కింద ఇంట్లో సాయిసుధ అని మన వైపు అమ్మాయే, పోస్టాఫీసు ఏజెంటుగా చేస్తోంది. నెలనెలా ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళ దగ్గర వంద, రెండొందలు తీసుకుని వాళ్ళ పేర రికరింగ్ డిపాజిట్‌లో కడుతుంది. అయిదేళ్ళు నిండాక వాళ్ళకి వడ్డీతో సహా వస్తుంది. కట్టించినందుకు నూటికి నాలుగు రూపాయలు ఏజెంటుకి. ఆ డిపాజిట్‌ని ఇక్కడ అందరూ ఆర్డీ అంటారు. వాళ్ళాయనకి నాగపూరు బదిలీ అయింది. "నువ్వు చెయ్యి అక్కా, అప్లికేషన్ నేను పెట్టిస్తాను" అంటోంది. ఆ మాట వినగానే నా అరచేతులు చెమటలు పట్టాయి. చెయ్యనా? అన్నయ్యకి మాత్రం చెప్పకు. మన ఇంటి ఆడపిల్ల గడపగడపా తిరగడమా అని తల పట్టుకుంటాడు.

నీ కుమారి


గుడివాడ
24 జూలై 1993

కుమారీ,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. పప్పు మాడింది. ఆ పప్పే మీ అన్నయ్య మారుమాట్లాడకుండా తిన్నారు, చేసిందెవరో తెలుసు గనక.

చెయ్యనా అని నన్నడుగుతావేమిటే? నా దగ్గర ధైర్యం ఉందని నీకెవరు చెప్పారు? ఈ ఇంట్లో నా చేతికి అయిదు రూపాయలు రావాలంటే దేనికో చెప్పాలి, మిగిలింది తిరిగివ్వాలి. మీ అన్నయ్య పిసినారి కాదు, పాపం, అడిగితే కాదనరు. అడగడమే నాకు నచ్చదు. గాజులకి అడగాలి, పుట్టింటికి వెళ్ళే బస్సుకి అడగాలి. యాభై దగ్గర పడుతోంది నాకు.

అందుకే చెబుతున్నాను, చెయ్యి. చేతులు చెమట పడితే తుడుచుకుని చెయ్యి. నీ పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసులు పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే వణికావు, అయినా ఒక్క చుక్క ఒలకలేదు, పక్కనే ఉండి చూశాను నేను. రాజగోపాల్ అన్నయ్యగారు నవ్వితే నవ్వనీ. నువ్వు ఆ సగం డబ్బు ఆయన ముందు పెట్టిన రోజు నవ్వుదువుగాని.

మీ అన్నయ్యకి చెప్పను. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ వాళ్ళందరూ అంటారుగా, చూద్దాం.

ఛాయావదిన


న్యూఢిల్లీ
16 జనవరి 1994

వదినా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకు. ఏజెన్సీ కాగితం చేతికొచ్చింది, సాయిసుధ తన ఇళ్ళన్నీ నాకు అప్పజెప్పి వెళ్ళిపోయింది. నేను పనిలో పడ్డాను.

మొదటి రోజు చెప్పనా? ఉమ చేత హిందీలో నాలుగు ముక్కలు రాయించుకుని బట్టీ పట్టాను. వెనక బ్లాకులో రెండో అంతస్తులో గుర్మీత్ దీదీ అని ఒక సర్దార్జీగారి భార్య, ఆవిడ తలుపు ముందు నిలబడి బెల్లు కొట్టకుండానే తిరిగి మెట్లు దిగాను. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ దిగుతుంటే ఆవిడే తలుపు తీసి "క్యా హువా, బహన్‌జీ?" అంది, ఏమైందమ్మా అని. బట్టీ పట్టిందంతా మరిచిపోయి, "డబ్బు" అన్నాను, అచ్చ తెలుగులో! ఆవిడ నీళ్ళు కావాలేమో అనుకుని గ్లాసు తెచ్చింది. తాగేశాను. ఆ తర్వాత ఎలాగో చెప్పాను. ఆవిడ రెండు నోట్లు తెచ్చి నా చేతిలో పెట్టి, "గిన్ లో" అంది. లెక్కపెట్టుకో అని. రెండు నోట్లని లెక్కపెట్టడమేమిటని నేను బ్యాగులో వేసుకోబోతే, గట్టిగా కసిరింది వదినా. "నా డబ్బు నా ఎదురుగా లెక్కపెట్టనిదానివి, రేపు పోస్టాఫీసులో ఏం చేస్తావు?" అంది. అక్కడే, తన ఎదుటే, పైకి లెక్కపెట్టించింది.

అప్పట్నుంచి ప్రతి ఇంట్లోనూ పైకే లెక్కపెడుతున్నాను. మొదట్లో గొంతు పీలగా వచ్చేది. ఇప్పుడు మెట్ల మీదికి వినిపిస్తోందని ఉమ సిగ్గుపడుతోంది. కూరలబండి వాడు కూడా నాకు చిల్లర జాగ్రత్తగా ఇస్తున్నాడు.

ఈయనకి ఇదంతా నా కాలక్షేపం. "ఎన్నాళ్ళయింది? ఎంతొచ్చింది?" అని అప్పుడప్పుడూ ఆట పట్టిస్తారు. చెప్పను. కమిషన్ మొత్తం నా పేర పుస్తకంలో వేస్తున్నాను. కొత్త ఇళ్ళు కూడా పడుతున్నాయి. ఒక ఇంట్లో టీ తాగితే పై ఇంట్లో ఖాతా తెరుస్తున్నారు, అదీ ఇక్కడి పద్ధతి. పొట్టంతా టీ అయిపోయింది, నా పేరు 'ఆర్డీ దీదీ' అయిపోయింది, అంటే ఆర్డీ అక్కయ్య.

ఎక్కే మెట్లకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి, అయినా సంతోషంగా ఉన్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను.

కుమారి


గుడివాడ
9 మే 1994

కుమారీ,

కొంప మునిగింది. కూర్చుని చదువు.

మన వీధి చివర మాణిక్యాంబగారు ఉత్తరాది యాత్రకి వెళ్ళి ఢిల్లీలో రెండు రోజులు ఆగారు. ఆవిడ చుట్టాలూ మీ సెక్టార్లోనే ఉంటారుట. నిన్ను చూశారుట. పలకరిద్దామనుకునేలోపే నువ్వు బ్యాగు భుజానేసుకుని ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి వెళ్ళిపోయావుట. ఏ తలుపు తడితే ఆ తలుపులోంచి ఎవరో ఒకరు నీ చేతిలో నోట్లు పెడుతున్నారుట. ఆవిడ ఊళ్ళో దిగిన మర్నాడే మన అరుగు మీద కూర్చుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "సదాశివరావుగారూ, ఎలా చెప్పాలో తెలియడం లేదు, మీ చెల్లెలు ఇంటింటికీ వెళ్ళి డబ్బులడుగుతోంది" అని చెప్పింది.

మీ అన్నయ్య మొహం చూడాల్సింది. ఆ రోజు అన్నం కూడా ముట్టలేదు. నేను నోరు తెరవబోయి మళ్ళీ మూసుకున్నాను. నువ్వు చెప్పొద్దన్నావు కదా. జన్మలో ఒక్కసారి రహస్యం దాచితే ఇలాంటిదే దొరకాలా నాకు? "అదేం కాదేమోనండీ" అన్నాను. "నీకేం తెలుసు!" అని గయ్యిమన్నారు. మధ్యాహ్నం నీ పేర అయిదొందలు మనియార్డరు పంపారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. రాజగోపాల్ అన్నయ్యగారికి ఉత్తరం రాశారు. నాకు చూపించలేదు, కానీ రాస్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. అందులో ఏం ఉండి ఉంటుందో ఊహించుకో. ముందే ఏదో ఒకటి చెప్పి పెట్టు ఆయనకి.

ఇంకొక్క మాట. నీ చేతుల్లో అంత డబ్బు మెలుగుతోంది గనక చెబుతున్నాను. శుక్రవారం నాడు మాత్రం డబ్బు గుమ్మం దాటించకు. అత్తయ్యగారు శుక్రవారం పాలవాడికి కూడా డబ్బులిచ్చేవారు కాదు, లక్ష్మి వెళ్ళిపోతుందని. మీ అమ్మ మాట గుర్తుంచుకో.

ఛాయావదిన


న్యూఢిల్లీ
22 మే 1994

వదినా,

నీ ఉత్తరం కన్నా అన్నయ్య ఉత్తరం ముందొచ్చింది. ఇంకేం చెప్పను.

"బావగారూ, మా చెల్లెలు మీకు బరువైతే మా ఇంటికి పంపించండి, చేతులు చాపించకండి" అని రాశాడు అన్నయ్య. ఈయన అది చదివి నా వైపు చూసిన చూపు! నేనే పుట్టింటికి మొర పెట్టుకున్నాననుకున్నారు. కాదని ఎంత చెప్పినా వినలేదు. తొమ్మిది రోజులుగా ఉమ ద్వారా మాట్లాడుకుంటున్నాం. "పాపా కో బోలో, అన్నం వడ్డించాను." "మమ్మీ కో బోలో, ఆకలి లేదు." ఆ పిల్ల విసిగిపోయి, "మీరిద్దరూ ఫోను పెట్టించుకోండి" అంది. ఎన్నడూ లేనిది ఆ మాట తెలుగులో అంది.

అన్నయ్య మీద నాకు పట్టరాని కోపంగా ఉంది, అది తగ్గి నేనే రాసేదాకా అసలు సంగతి నువ్వు చెప్పకు. మాణిక్యాంబగారి మీద అంతకన్నా ఎక్కువ. తలుపు తడితే డబ్బులు ఇచ్చేది ముష్టివాళ్ళకేనా? నేను ఇచ్చే రసీదు ఆవిడకి కనబడలేదా? చివరికి నిన్న అన్నీ తీసి ఈయన ముందు పరిచాను, ఖాతాల కార్డులూ నా పాసుబుక్కూ. మొదటిసారి నా పుస్తకంలో అంకె చూశారు. రాత్రి ఉమతో కాకుండా నాతోనే, "ఇంకొంచెం చారు" అన్నారు.

అన్నయ్య డబ్బు నాకు వద్దు. తిప్పి పంపితే బాధపడతాడు. అందుకని నీ పేర ఇక్కడే ఒక ఖాతా తెరుస్తున్నాను. దీంతో పాటు ఉన్న ఫారం మీద నువ్వు సంతకం చేసి పంపు. నేను ఎక్కడా టిక్కు పెట్టలేదు. చదివి, ఎక్కడ చెయ్యాలో చూసుకుని చెయ్యి. ఎవరికీ చెప్పక్కర్లేదు, తిరిగి ఇవ్వక్కర్లేదు. మొదటి కొన్ని నెలలు ఆ అయిదొందల్లోంచే కడతాను. ఆ తర్వాత నీ పాట్లు నువ్వు పడు.

శుక్రవారం మాట గుర్తుంటుంది. అమ్మ అలాగే చేసేది.

కుమారి


న్యూఢిల్లీ
8 అక్టోబరు 1994

వదినకి,

నేను ఈ పని మానేస్తున్నాను. ఎందుకో రాస్తాను, నువ్వు కోప్పడకు.

నా దగ్గరున్న ఖాతాల్లో సగానికి నెలాఖరు గడువు. మొన్న సెప్టెంబరు నెలాఖరు శుక్రవారం పడింది. గురువారం సాయంత్రానికి అందరి డబ్బూ వసూలైంది. శుక్రవారం పొద్దున్నే బ్యాగు తీసుకుని గుమ్మం దాకా వచ్చాను. అమ్మ గుర్తొచ్చింది. నువ్వు రాసిందీ గుర్తొచ్చింది. ఇంత లక్ష్మిని శుక్రవారం పూట ఎలా పంపను అనిపించింది. ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకుని దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే కౌంటరు తెరిచేసరికే వెళ్ళాను. "నెల మారిపోయింది మేడమ్" అన్నాడు అక్కడి గుమాస్తా. అతని తప్పేం లేదు, రూలు అదే, నాకు తెలిసిందే. ప్రతి ఖాతా మీదా ఆలస్యపు రుసుం పడింది. అదంతా నా పుస్తకంలోంచే తీసి కట్టాను.

డబ్బు పోయిందని కాదు నా ఏడుపు. గుర్మీత్ దీదీ తన కార్డు మీద ఆలస్యం ముద్ర చూసింది. "మా డబ్బు ఒక రాత్రి నీ ఇంట్లో ఎందుకుంది? ఏం చేశావు దాన్ని?" అని మెట్ల మీద నిలబెట్టి అడిగింది. నాకు నోరు పెగల్లేదు. శుక్రవారం అని ఎలా చెప్పను? సాయంత్రానికి ఆ మాట సెక్టారంతా పాకింది. కొంతమంది కార్డులు తిరిగి తీసుకున్నారు. ఒకావిడ తలుపే తీయలేదు, లోపల టీవీ మోగుతూనే ఉంది.

పప్పన్‌కలాన్ ఇల్లు లేదు, ఏం లేదు. నా వల్ల కాదు వదినా. పాతలాగే టిక్కు పెట్టిన చోట సంతకం చేసుకుంటూ బతుకుతాను.

కుమారి


గుడివాడ
17 అక్టోబరు 1994

ఒసే కుమారీ,

ఏడుపు ఆపు. ఏడుస్తూ చదివితే నా రాత అర్థం కాదు, అసలే కోడిగీతలు.

శుక్రవారం డబ్బు ఇవ్వొద్దన్నది నేనే. ఎవరి డబ్బు? మన డబ్బు! మన బీరువాలోది, మన కొంగు ముడిలోది. అత్తయ్యగారు పాలవాడికి ఇవ్వనిది తన డబ్బు. పక్కింటావిడ దాచమని ఇచ్చిన గాజులు శుక్రవారం పూట అడిగితే, అదే అత్తయ్యగారు పరుగున వెళ్ళి తెచ్చిచ్చారు, నా కళ్ళారా చూశాను. సెక్టారు ఆడవాళ్ళ డబ్బు నీ లక్ష్మి ఎలా అయిందే? ఆ లక్ష్మి గుర్మీతమ్మది, ఇంకొకావిడది. తన ఇంటికి వెళుతున్న దాన్ని నువ్వు దారిలో పట్టుకుని నీ దేవుడి గూట్లో కూర్చోబెట్టావు. దణ్ణం కూడా పెట్టావు! నవ్వాలో ఏడవాలో తెలియక నేను రెండూ చేశాను.

వాళ్ళకి కోపం వచ్చిందంటే రాదా? నాకూ వస్తుంది. పోస్టాఫీసులో నాకూ ఒక ఖాతా ఉంది ఇప్పుడు, నా ఏజెంటు ఒక రాత్రి నా డబ్బు ఇంట్లో ఉంచుకుంటే నేనూ జుట్టు పట్టుకునే అడుగుతాను. కానీ నువ్వు దొంగవి కాదు కదా. దొంగ అయితే తలుపు వేసుకుని కూర్చుంటుంది. నువ్వెందుకు కూర్చున్నావు?

లే. జడ వేసుకుని, మంచి చీర కట్టుకుని, ప్రతి ఇంటికీ వెళ్ళు. ఉన్నదున్నట్టు చెప్పు. నవ్వితే నవ్వుతారు. కార్డులు అడిగితే ఇచ్చేసిరా. కానీ నువ్వే వెళ్ళు, వాళ్ళు వచ్చేదాకా ఆగకు.

మీ అన్నయ్యకి అంతా చెప్పేశాను. ఇంక నా వల్ల కాలేదు. "అయితే అది ముష్టెత్తలేదన్నమాట, వ్యాపారం చేస్తోందన్నమాట" అన్నారు. తర్వాత మనియార్డరు ఫారం తీశారు, నీ నష్టం తీర్చడానికి. నేను లాక్కుని చింపేశాను. "ఆ డబ్బు అది సంపాదించుకుంటుంది, దాన్ని చిన్నపిల్లని చెయ్యకండి" అన్నాను. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆయన చేతిలోంచి నేను కాగితం లాక్కోవడం అదే మొదటిసారి. ఆయన కన్నా నేనే ఎక్కువ బిత్తరపోయాను.

ఛాయావదిన


న్యూఢిల్లీ
20 డిసెంబరు 1994

వదినా,

వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను, ఆ ఆకుపచ్చ వెంకటగిరి.

మొదట గుర్మీత్ దీదీ ఇంటికే వెళ్ళాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, మా అమ్మ గురించీ శుక్రవారం గురించీ. నా హిందీలో ఎంత అర్థమైందో గాని, ఆవిడ అలా చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి నవ్వడం మొదలెట్టింది. మంచం మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వింది. "పగ్లీ! పిచ్చిదానా! మా అత్తగారు దీపాలు పెట్టాక ఉప్పు కూడా ఇవ్వదు" అంది. తర్వాత నవ్వు ఆపి, "ముందే చెప్పి ఉంటే నేనే శుక్రవారం నీతో పోస్టాఫీసుకి వచ్చేదాన్ని కదా. నీ నోట మాట రాకపోయేసరికి నాకు అనుమానం వచ్చింది" అంది. కార్డు మళ్ళీ నా చేతిలో పెట్టింది.

అందరూ అలా లేరు. తలుపు తీయని ఆవిడ ఇప్పటికీ తీయలేదు. ముగ్గురు నలుగురు పూర్తిగా మానుకున్నారు. ఫరవాలేదు. ఒక సంగతి తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ డబ్బు తీసుకునేటప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది లోపల. తప్పు నిజంగా చేసి, ఒప్పుకుని, రుసుం కట్టి వచ్చాక ఆ భయం పోయింది. ఇప్పుడు నా ఇష్టం వచ్చినంత గట్టిగా లెక్కపెడుతున్నాను.

చిక్కల్లా ఒకటే. ఆ రుసుమూ, పోయిన ఖాతాలూ కలిపి నన్ను వెనక్కి లాగేశాయి. ఇప్పటి లెక్కన మార్చికి పన్నెండు వేలు కావు, దాదాపు రెండు వేలు తక్కువపడతాయి. ఆలోచిస్తున్నాను. అన్నయ్యని అడగను. నువ్వూ అడగకు.

కుమారి


న్యూఢిల్లీ
29 మార్చి 1995

వదినా, వదినా, వదినా!

కట్టేశాం! నిన్న కట్టేశాం. రసీదు నా ఎదురుగా బల్ల మీద ఉంది. నీకు రాస్తూ రాస్తూ దాన్ని చూసుకుంటున్నాను. ఇంక మొదట్నుంచీ చెబుతాను, మధ్యలో వంటింట్లోకి వెళ్ళకు, పప్పు మాడ్చకు.

పోస్టాఫీసులో ఒక వెసులుబాటు ఉంది. ఆరు నెలల డబ్బు ఒకేసారి ముందే కడితే, కట్టినవాళ్ళకి కొంత తగ్గిస్తారు. నాకూ కమిషన్ ఒకేసారి వస్తుంది. ఆ సంగతి తెలిసినా ఎవరినీ అడగడానికి ఇదివరకు నాకు నోరు రాలేదు. ఆరు నెలల డబ్బు నన్ను నమ్మి ఎవరిస్తారు? అందులోనూ ఆ సెప్టెంబరు తర్వాత? కానీ ఈ నెల ఇక్కడ అందరికీ డీఏ బకాయిలు చేతికొచ్చాయి. ఆ డబ్బు చీరలకీ మిక్సీలకీ కరిగిపోకముందే వెళ్ళాలని మళ్ళీ మెట్లెక్కాను. ఎవరికెంత తగ్గుతుందో ఇంట్లోనే లెక్కవేసి పెట్టుకున్నాను. ప్రతి ఇంట్లోనూ వాళ్ళ లాభం ముందు చెప్పాను, నా లాభమూ దాచలేదు. "నాకు ఇల్లు కట్టుకోవాలనుంది దీదీ, మీరు ఇప్పుడు కడితే నాకింత వస్తుంది" అని మొహం మీదే చెప్పాను.

వదినా, ఇచ్చారు. ఆ మెట్ల మీద నన్ను నిలబెట్టి అడిగిన వాళ్ళే ఇచ్చారు. గుర్మీత్ దీదీ తనది ఇవ్వడమే కాదు, చెప్పులేసుకుని నాతో కింద అంతస్తులన్నీ తిరిగి, "ఇది శుక్రవారం తప్ప అన్ని రోజులూ నమ్మదగిన మనిషి" అని చెప్పి ఇప్పించింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని వెక్కివెక్కి ఏడ్చాను. సంతోషానికి అంత ఏడుపు వస్తుందని నాకు తెలియదు.

పదహారో తారీఖు పొద్దున్నే ఈయన టిఫిన్ తింటుంటే పన్నెండు వేలూ ప్లేటు పక్కన పెట్టాను. "నా సగం" అన్నాను. ఈయన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను ఆనందమనుకున్నాను. కాదు. "నేను పీఎఫ్‌కి అప్లై చెయ్యలేదు కుమారీ" అన్నారు.

ఏడాదిన్నర పైగా! ఒక్క కాగితం రాయలేదు! నువ్వు తెస్తావని అనుకోలేదు అన్నారు. ఆ మాట కూడా నిజాయితీగానే అన్నారు, అందుకు ఒప్పుకోవాలి. నేను అరుస్తాననుకున్నారు. అరవలేదు. "నేను తెచ్చాను. ఇంక పదిహేను రోజులుంది. మీ సగం మీరు తెండి" అని ఇడ్లీలోకి ఇంకాస్త చట్నీ వేశాను. నా చెయ్యి వణకలేదు, నువ్వుంటే చూసేదానివి.

ఆ రోజే కాగితం పెట్టారు. మామూలుగా అయితే ఆ ఫైలు నెలల తరబడి ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి నడుస్తుంది. ఈయన రోజూ అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరిగారు, కాలుగాలిన పిల్లిలా. అయిదో రోజు అక్కడి పెద్దాఫీసరు లోపలికి పిలిచారు. పెద్ద సర్దార్జీ. ఆఫీసులో చూడటమే తప్ప ఆయన ఇల్లెక్కడో ఈయనకి తెలియదు. ఆయన కాగితం మీద చిరునామా చదివి, కళ్ళజోడు తీసి, "సెక్టార్ చార్? ఆర్డీ దీదీ ఉండే బ్లాకా?" అన్నారుట. "జీ, వో... మేరీ వైఫ్ హై" అన్నారు ఈయన. ఆయన వెంటనే లేచి, "ఆప్ దీదీ కే హస్బెండ్ హైఁ? బైఠియే, బైఠియే! నిలబడ్డారేం?" అని కుర్చీ లాగి, టీ తెప్పించి, "మా ఇంట్లో డబ్బు మాట మీ శ్రీమతిదే నడుస్తుంది, నాది కాదు" అని నవ్వారుట. ఆయన గుర్మీత్ దీదీ భర్త! నేను ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పలేదు వదినా, ఒట్టు. ఈయన కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయిట, కదిలించేవాళ్ళే లేక పడున్నాయి. మర్నాటికి సంతకమైంది.

ఈయన ఇంటికొచ్చి ఇదంతా చెబుతూ చెబుతూ నవ్వారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ గదిలో తనకి కుర్చీ వేయడం అదే మొదటిసారిట. "సెక్షన్ ఆఫీసరు రాజగోపాల్ అంటే నిలబెట్టారు, నీ మొగుణ్ణంటే కూర్చోబెట్టారు" అన్నారు. ఇప్పుడు ఆఫీసులో అందరూ ఈయన్ని "ఆర్డీ దీదీ కే హస్బెండ్" అంటున్నారుట. కోపం వస్తోందా అని అడిగాను. "లేదు, టీ వస్తోంది" అన్నారు.

నిన్న ఇద్దరం సొసైటీ ఆఫీసుకి వెళ్ళి కట్టాం. తిరిగొస్తూ బస్సులో ఈయన ఏదో ఆలోచిస్తూ కూర్చున్నారు. మునీర్కా స్టాపు దాటాక, "నాకూ ఒక ఆర్డీ తెరువు. ఈ పీఎఫ్ అప్పు తీరేదాకా నెలకి రెండొందలు ఎలాగో సర్దుతాను. ఫ్లాటు కట్టేటప్పుడు ఇంకా అడుగుతారు కదా" అన్నారు. ఈయన అడగడం, వదినా, నన్ను! నవ్వకుండా అడిగారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని బయటపడలేదు. పనివేళ పనివేళే.

"ఫారం ఇస్తాను, చదివి సంతకం చెయ్యండి" అన్నాను. "ఒకటో తారీఖున వస్తాను. డబ్బు సిద్ధంగా ఉంచండి. నా ఎదురుగా లెక్కపెట్టి ఇవ్వాలి."

"జీ, దీదీ" అన్నారు.

కుమారి